నీళ్ళ సీసాలు మార్చు

మరదలికి వదిన దీవెనలు. తమ్ముడు కుదురుగా ఉన్నాడు, బెంగపడకు.

తాగుడు మాన్పించమని ఆసుపత్రిలో చేర్పిస్తే ఆటలాడిస్తున్నారేమిటని రాశావు. నాకూ మొదట అలాగే అనిపించింది. కంప్యూటర్ తెర మీద బ్రాందీ సీసా బొమ్మ వస్తే చేతిలోని పిడిని అవతలికి నెట్టాలి. నీళ్ళో పళ్ళరసమో వస్తే దగ్గరికి లాక్కోవాలి. చెయ్యి అలవాటుకొద్దీ సీసా వైపు పోకుండా ఉండటానికట. మాత్రలు మాత్రలే, డాక్టరమ్మతో మాటలు మాటలే. ఇది వాటికి తోడు.

నిన్న పొరపాటు చేశాను. మనింట్లో లాగే, కడిగిన పాత బ్రాందీ సీసాలో మంచినీళ్ళు పట్టుకెళ్ళాను. మూత తీసి బల్ల మీద పెట్టానో లేదో, వాడు ఒక్క తోపు తోశాడు. ఎదురుగా కూర్చున్న నా చీరంతా తడిసింది.

"నీళ్ళేరా."

"తెలుసక్కా, చెయ్యి ఆగలేదు."

"ఆటలో గెలిచావు గానీ, చీర ఎవరు ఉతుకుతారు?"

చాలాకాలానికి నవ్వాడు.

ఆదివారం ఇంటికి పంపుతారట. ఈలోగా ఫ్రిజ్‌లో నువ్వు నీళ్ళు పోసి పెట్టే ఆ సీసాలన్నీ తీసెయ్యి, పొయ్యి పక్కన నూనె సీసాతో సహా. చంటిదాని దగ్గు తగ్గిందా? నా కళ్ళజోడు అలమరలో ఉందేమో చూడు.

పూర్తిగా మారాడని నేను మాటివ్వలేను, రోజూ ప్రార్థిస్తున్నాను. గుమ్మంలోకి రాగానే మంచినీళ్ళడుగుతాడు. గ్లాసుతో నువ్వే ఇవ్వు. దగ్గరికి తీసుకోవడం కూడా నేర్చుకుంటున్నాడు.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

మీ వదిన