షిఫ్టు తెలియని థర్మోస్టాట్

నతానియేలు బావా,

పగలు నిద్రలేని మనిషి రాత్రి బొగ్గుబాయిలో దిగవచ్చా? తన ప్రియులకు దేవుడు నిద్రనిస్తాడని కీర్తన చెబుతుంటే, మన అలవాట్లు తానే నేర్చుకునే థర్మోస్టాట్‌ను ఏసీకి పెట్టిస్తానంటావా? వద్దు! మేమూ అదే పెట్టాం. పొద్దుటి షిఫ్టు వారమంతా నేను డ్యూటీలో, నీ చెల్లె రెజీనా బడిలో పాఠాలు చెబుతూ ఉండేసరికి, పగలు ఇంట్లో ఎవరూ ఉండరని అది నేర్చుకుంది. మరుసటి వారం రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకుంటే, మిట్టమధ్యాహ్నం ఏసీ ఆపేసింది!

"మంచంల మొగుడున్నడని తెల్వది గని, తెలివిగల్లదట!" అని రెజీనా ఒకటే నవ్వు.

దాన్ని మార్చి, షిఫ్టును బట్టి మనమే వేళలు పెట్టుకునేది తెచ్చాం. ఇప్పుడు నా గురక వాడంతా వింటోంది, స్తోత్రం! రేపటి నుంచి నీకు రాత్రి షిఫ్టు. కునికిపాట్లతో బాయిలో దిగకు. లే బావా, ఈ రోజే దుకాణానికి పో, మన మాట వినేది పట్టుకురా!