కాలికి నేల

వెలిమెల, మార్చి 1962

అప్పలస్వామి గారికి,

మీ స్నేహితుడు సాయిలుకు అన్నను. నమస్కరించి రాస్తున్నాను.

గోవా దగ్గరి దీవి మీద పోర్చుగీసువాళ్ల కోటను పట్టుకోవడానికి మీరూ మా తమ్ముడూ ఒకే పడవలో వెళ్లారని తెలిసింది. వాడు పోయాడని టెలిగ్రాం వచ్చింది గానీ, నీళ్లలోనే పోయాడో, ఒడ్డెక్కాక పోయాడో అందులో లేదు.

అమ్మ రోజూ బావిలోకి వంగి, "సాయిలూ, కాలికి నేల ఆనిందా బిడ్డా?" అని అడుగుతోంది. నేను వెనక్కి లాగితే, "జెర ఆగురా, పోరడు చెప్తుండు" అంటోంది.

నిజం మీకు తెలుసు. అమ్మకు చదువు రాదు. మీ ఉత్తరం చదివి వినిపించేది నేనే. కాగితం మీద లేనిది చదవడం నాకు చేతకాదు. అందుకని, ఏం జరిగినా సరే, వాడు ఇసుక మీద నిలబడ్డాడనే రాయండి.