పిల్లలు యాదమ్మ ఇంట్లో ఉన్నారు

గౌలిపుర,
గురువారం

పూజ్యురాలైన అక్కయ్యకు,

నీ చెల్లెలు సుశీల నమస్కారాలు. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావగారికి దగ్గు తగ్గిందా? కోడలికి నెలలు నిండుతున్నాయి కదా, బరువులెత్తనివ్వకు. ఇక్కడ నేను, కవిత, పిల్లలు బాగానే ఉన్నాము. కంగారు పడకు. ఫోనులో చెబితే నీకు సగమే వినబడుతుంది, ఆ సగానికి నువ్వు రెండింతలు దిగులు పడతావు. అందుకే రాస్తున్నాను.

ముందు అసలు మాట. నువ్వు బయలుదేరి రావద్దు. ఎందుకో వరుసగా చెబుతాను.

వనపర్తిలో అద్దె ఇల్లు ఖాళీ చేసి నేను ఇక్కడికి వచ్చి నేటికి డెబ్బై మూడు రోజులు. మా గది మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. తిండికి లోటు లేదు కానీ ఇక్కడి పిండితో రొట్టె విరిగిపోతోంది. ఎవరైనా ఇటు వస్తే రెండు కిలోల జొన్నపిండి పంపు. ముప్పై నాలుగేళ్లు బడిలో గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చున్నదాన్ని. ఇక్కడ ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలియక ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరుగుతుంటాను.

బడికి సెలవులిచ్చినప్పటి నుంచి పిల్లలిద్దరూ నా మీదే. అల్లుడు లారీ మీద పోతే వారం దాకా రాడు. కవిత మలక్‌పేటలో కొరియర్ ఆఫీసులో చేరి మూడు నెలలే అయింది. తొమ్మిదికి ఎక్కాలు, పదికి చేతిరాత, పదకొండుకు కథ అని కాగితం రాసి గోడకు అంటించాను. ఎనిమిదేళ్ల అక్షర అది చదివి, "అమ్మమ్మా, సెలవులంటే బడే మనింటికి వచ్చుడా?" అంది. కవిత పక్కనుంచి, "నాకు పదో తరగతి దాక గిట్లనే నడిచింది బిడ్డా. నీకు రెండు నెలలే, ఊకో" అంది. నాలుగేళ్ల చిన్నూ మాత్రం కథ సగంలోనే ఎదురింటికి పరుగెత్తేవాడు.

ఎదురిల్లు యాదమ్మది. నా ఈడుదే. రెండు బర్రెలున్నాయి, గల్లీ అంతటికీ పాలు పోస్తుంది. ఆరేళ్ల మనవడు నాని ఆమె దగ్గరే ఉంటాడు. ఈ గల్లీలో పగలు ఎవరూ తలుపులు వేయరు. పిల్లలు మధ్యాహ్నం ఎవరింట్లో ఉంటే ఆ ఇంట్లోనే తిని పడుకుంటారు. ఎవరూ ఎవరినీ అడగరు. ఇది నాకు మొదటి నుంచీ నచ్చలేదు.

నెల మొదట్లో నేను కళ్లు చూపించుకోవడానికి పోయినప్పుడు యాదమ్మ మన పిల్లలను పది నుంచి నాలుగు వరకు చూసింది. వచ్చేసరికి తలలకు నూనె పెట్టి, అన్నం తినిపించి, చిన్నూను మంచం మీద పడుకోబెట్టింది. మూడో రోజున ఆమె పెళ్లికి పోతే నానిని నేను పది నుంచి నాలుగు వరకు చూశాను. నాలుగింటికి అప్పగిస్తూ, నలుగురు ఆడవాళ్ల ముందు, "మీరు ఆరు గంటలు చూశారు, నేనూ ఆరు గంటలు చూశాను. ఇక మీ బాకీ లేదు" అన్నాను. మంచి మాటే అన్నాననుకున్నాను. మా బడిలో అలాగే చేసేవాళ్లం. ఒకరు నా తరగతి తీసుకుంటే వారం తిరిగేలోగా వారి తరగతి నేను తీసుకునేదాన్ని. అది మర్యాద.

యాదమ్మ ముఖం మాడిపోయింది. "ఏంది టీచరమ్మా, తెగతెంపులు జేస్తున్నరా? నేనేమన్న పోరగాండ్లను కిరాయికి సూసిన్నా?" అంది. మరునాటి నుంచి ఆమె తలుపు మూసే ఉంది. పాలు గుమ్మంలో పోసి మాట్లాడకుండా వెళ్లిపోయేది. చిన్నూ మెట్ల మీద నిలబడి నానీ, నానీ అని అరిచి అరిచి ఏడ్చేవాడు.

ఇంతలో డాక్టరు కుడికంటి శుక్లానికి ఇక ఆగవద్దన్నాడు. ఆపరేషన్ రేపే. తరువాత పది రోజులు వంగకూడదు, బరువెత్తకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు. బడి తెరిచేదాకా వాయిదా వేస్తానన్నాను. "మొన్న మెట్టు కనబడక చిన్నూగాన్ని ఎత్తుకొని పడబోయినవు గదనే అమ్మా" అని కవిత కసిరింది. ఆమె లీవు పెడితే ఆ ఉద్యోగం ఉండదు. వేసవి క్యాంపులో అడిగితే నాలుగేళ్లవాణ్ణి చేర్చుకోలేమన్నారు. అప్పుడే నువ్వు ఫోనులో వస్తానన్నావు. మా ఇంటికి పదిహేడు మెట్లు, నిటారుగా ఉంటాయి. నీ మోకాళ్లతో ఎలా వస్తావు?

రెండు రోజులు తటపటాయించి నిన్న సాయంత్రం యాదమ్మ దగ్గరికి వెళ్లాను. కొట్టం కడుగుతోంది. కూర్చోమనలేదు. పది రోజులు పిల్లలను చూడాలని చెప్పాను.

"ఎన్ని గంటలో చెప్పున్రి, రాస్కుంట" అంది తల ఎత్తకుండానే.

అక్కా, "ఎన్ని గంటలో నాకు తెలియదు. కంటికి కట్టుతో నానిని నేను చూడలేను. తరువాతైనా తీర్చగలనో లేదో చెప్పలేను. నువ్వు కాదంటే కవిత ఉద్యోగం పోతుంది" అన్నాను. ఈ వయసులో ఒకరి గుమ్మంలో నిలబడి ఇలా అడగడం నాకు ఇదే మొదలు.

యాదమ్మ చీపురు పక్కన పెట్టింది. "నానిగాన్ని సూడమని నేనేమన్న అడుగుతున్ననా? గా దినం బాకీ లేదన్నరు సూడున్రి, గదే నేను మర్వలేదు. బాకీ లేనోళ్లింటికి ఎవలన్న ఎందుకు పోతరు? సరే తియ్యున్రి. రేపటిసంది తోలున్రి, ఒక దినం ముందుగాల్నే అలవాటైతే ఆపరేషన్ దినం ఏడ్వరు. మీరు మాత్రం దర్వాజ కాడ నిలవడి తొంగి సూడొద్దు, మీ మొకం సూస్తే పోరగాండ్లు బిగుసుకపోతరు."

అందుకే ఈ ఉదయం నుంచి ఇల్లంతా నిశ్శబ్దం. ఉతికిన బట్టలు రెండుసార్లు మడిచాను. కిటికీ దగ్గరికి పోయి వచ్చాను. కొట్టంలోంచి అక్షర నవ్వు వినబడుతోంది. అక్కడ బర్రెలు తన్నవు కదా, చిన్నూ నీళ్లు తాగాడా అని మనసు కొట్టుకుంటోంది. అయినా దిగిపోలేదు. కవిత నిశ్చింతగా పనికి పోయింది. కాబట్టి నువ్వు దిగులు పెట్టుకోకు, రావద్దు, మోకాళ్లకు నూనె రాయించుకో.

బావగారికి నా నమస్కారాలు చెప్పు, పిల్లలకు ఆశీస్సులు. రేపు పదింటికి నన్ను లోపలికి తీసుకుంటారు. ఆ వేళకు నన్ను తలుచుకొని మనసులో దీవించు. కట్టు విప్పగానే నా చేత్తోనే రాస్తాను.

ఇప్పుడు ఒంటి గంట దాటింది. భోజనం వేళ అయినా పిల్లలు రాలేదు. ఎన్నింటికి పంపుతావని యాదమ్మను నేను అడగలేదు.

నీ చెల్లెలు,
సుశీల