పడవలో అడిగిన మాట

పోఖరా, మే 19

మా ఇంటాయనకు,

యాత్ర బస్సు ఎమ్మిగనూరులో ఆగి అందరూ దిగుతూ ఉంటే నా కోసం చూస్తూ నిలబడి ఉంటావు. చూడకు, నేను దిగను. ఈ ఉత్తరం నీ చేతికిచ్చిన వంట తిక్కయ్యను మాత్రం తిట్టకు. నేను రానని నిన్న రాత్రి చెబితే పాపం అరగంట బతిమాలాడు. "వదినా, నాగప్పన్నకు నేనేమని సెప్పల్ల? గిన్నెలన్నీ తెస్తిమి, నీ పెండ్లాన్ని మాత్రం నేపాల్‌లో మర్సిపోతిమి అని సెప్పల్లా?" అన్నాడు. "కాగితం రాసిస్తా, అది ఇయ్యి, సాలు" అన్నాను.

నేను ఇక్కడే ఉండిపోతున్నాను. యాత్రకు వచ్చిన ప్రతిసారీ మనం దిగే లాడ్జి ఉంది కదా, ఫేవా చెరువు ఒడ్డున, ఆ లాడ్జి నడిపే దీదీకి మన వైపు బస్సుల వాళ్లకు అన్నం, పప్పు, చారు వండే మనిషి కావాలట. ఉండటానికి గది ఇస్తుంది. నేను చిన్నప్పుడు ఆదోని సంతలో నేర్చుకున్న ఉర్దూ ఆమె హిందీకి సరిపోతోంది.

ఎందుకని అడుగుతావా? అడగవులే. నువ్వు నన్ను ఏదైనా అడిగి ఎన్నేళ్లయింది? సుకన్యకు పెళ్లి చేసి గోనెగండ్లకు పంపాక ఇంట్లో మిగిలింది నువ్వు, నేను, మగ్గం. పొద్దున మగ్గం గుంతలో కాళ్లు పెడితే పొద్దుగూకేదాకా లేవవు. నేను కండెలు చుట్టి నీ పక్కన పెడితే, పెట్టింది మనిషా దయ్యమా అని కూడా తలెత్తి చూడవు. పది మాటలు చెబితే ఒక "ఊఁ". అదే మనిషి ఈ ఊరొస్తే ఎట్లా మారిపోతాడో! "తిన్నావా సరస్వతీ, సలి పెడతాందా, ఆ మంచుకొండ సూడు ఎట్లుందో" అని నోరు మూయవు. మూడు సార్లు వచ్చాం. ఆ మూడు సార్లే నాకూ ఒక మొగుడున్నాడని అనిపించింది.

పోయినేడు చెరువు మధ్యలోని అమ్మవారి గుడికి పడవలో పోతూ నిన్నొక మాట అడిగాను. "ఈడనే ఉండిపోదామా? ఆ ఇంట్లో పలకరించే దిక్కు లేక నాకు పిచ్చి పడతాంది" అన్నాను. నువ్వు నవ్వావు. "బాగుంది, అట్లే సేద్దాంలే" అన్నావు. నేను పిచ్చిదాన్ని, నమ్మాను. ఏడాదంతా సర్దుకుంటూనే ఉన్నాను. మేకలను పక్కింటి వనజకు ఇచ్చేశాను. ఇత్తడి బిందెలు సుకన్యకు పంపాను. ఇద్దరికీ స్వెట్టర్లు కొన్నాను. ఇవన్నీ ఎందుకని నువ్వు ఒక్కసారీ అడగలేదు, తెలుసు కాబట్టే అడగలేదనుకున్నాను. తీరా రేపు బస్సు అనగా "నాకు మోకాలు నొప్పి, నువ్వు పోయిరా" అన్నావు. అదే మోకాలితో ఆ రోజంతా మగ్గం తొక్కావు!

నువ్వు మాట తప్పావు. నేను తప్పను. ఉప్పు డబ్బా పక్కన బియ్యం కార్డు ఉంది.

సరస్వతి


పోఖరా, సెప్టెంబరు 24

సుకన్య నాయనకు,

నువ్వు ఒక్క ఉత్తరమూ రాయలేదు. అయినా నేనే రాస్తున్నాను, నాకు సిగ్గు లేదు. ఈ రోజు పత్తికొండ బస్సు వెనక్కి పోతోంది, వాళ్లతో పంపుతున్నాను.

ఇక్కడ నేను బాగున్నానని రాద్దామని మొదలుపెట్టి రెండు కాగితాలు చించాను. బాగాలేను. ఇక్కడ నీళ్లకు కొదవ లేదు, కొళాయి తిప్పితే చాలు. అయినా పొద్దున లేవగానే గదిలో ఉన్న గిన్నెలు, చెంబులు, చివరికి టీ గ్లాసులు కూడా నింపి పెడతాను. దీదీ చూసి పడీపడీ నవ్వింది. మా ఊళ్లో నీళ్లొచ్చే రోజు పెళ్లికి కూడా పోకుండా నీళ్లు పట్టుకుంటామని చెబితే ఆమెకు అర్థం కాలేదు. ఆ మాట విని నాతో కలిసి నవ్వే మనిషి ఈ ఊళ్లో ఒక్కరూ లేరు.

మన వైపు బస్సు వచ్చినప్పుడు రెండు రోజులు పండగ. బొరుగులు దొరికితే ఉగ్గాని చేస్తాను, "అమ్మా, మా ఇంటి రుసి" అని లొట్టలేస్తారు. మూడో రోజు బస్సు పోతుంది. ఆ మర్నాడు పొయ్యితో మాట్లాడతాను. నిజం, "ఏమే, మండవేమే" అని గ్యాస్ పొయ్యిని తిడతాను. కొండ అక్కడే ఉంది, చెరువూ అక్కడే ఉంది. మనం కూర్చున్న రాయి మీద ఒక సాయంత్రం కూర్చుని చూశాను. పావుగంట కూడా ఉండలేకపోయాను. నాకు ఈ ఊరంటే ఇష్టం అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. నాకిష్టమైంది ఈ ఊరు కాదయ్యా, ఇక్కడికి వచ్చినప్పుడు నాతో మాట్లాడే నువ్వు.

దీదీ ఫోనులోంచి నీకు నాలుగు సార్లు ఫోను చేశాను. "ఆఁ ఆఁ, బాగుండానులే" అని పెట్టేశావు. చివరిసారి నేను ఏడుస్తున్నాను, నువ్వు "సరే, మంచిది" అన్నావు. మంచిదా? నేను ఏడవడం మంచిదా? శత్రువు కూడా ఆ మాట అనడు.

ఒక్కటి అడుగుతాను. ఆ రోజు పడవలో ఎందుకు నవ్వావు? రావడం ఇష్టం లేకపోతే ఆ రోజే లేదని చెబితే పోయేది కదా. జవాబు రాయి. దీపావళి లోపు రాకపోతే నేనింక రాయను, ఫోనూ చేయను. ఆ ఇంటికి సరస్వతి లేదనుకో.

సరస్వతి


ఎమ్మిగనూరు, అక్టోబరు 9

సరస్వతికి,

నేను ఏడో తరగతి వరకే చదివానని నీకు తెలుసు. తప్పులుంటే తిట్టుకో. నీ మొదటి ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. జవాబు రాయాలంటే ఒక సంగతి చెప్పాలి, అది చెప్పలేక ఇన్ని నెలలు ఆగాను. నిన్న రెండో ఉత్తరం వచ్చింది. ఇంక ఆగితే నేను మనిషిని కాను.

నువ్వు పడవలో ఏమి అడిగావో నీ ఉత్తరం చదివాకే నాకు తెలిసింది. నాకు వినపడదు సరస్వతీ. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి కూడా పోతోంది. ముప్పై ఐదేళ్ల మగ్గం సప్పుడు. ఇంట్లో మన మగ్గం, పక్కన తిమ్మప్పది, వెనక ఇంకో రెండు, ఆ సద్దులో నీ మాట నాకు అందదు. ఏమన్నావని అడిగితే బయటపడతానని "ఊఁ" అనేవాణ్ని. ఆ చెరువు దగ్గర మొదటి రెండు సార్లు ఏ సద్దూ లేదు, నీ మాట బాగా వినపడింది. అందుకే అంత మాట్లాడాను. పోయినేడు అక్కడా వినపడలేదు. పడవలో నీ పెదవులు కదిలాయి, నీ మొహంలో ఏదో సంతోషం కనపడింది. నేనూ నవ్వాను. ఏదో ఒకటి అనాలని "బాగుంది, అట్లే సేద్దాంలే" అన్నాను. ఫోనులో నువ్వు ఏడ్చావని కూడా ఇప్పుడే తెలిసింది. బస్సు ఎక్కకపోవడానికీ అదే కారణం. పోయినేడు దారిలో ఏదో కొత్త ఊళ్లో తిక్కయ్య పిలుస్తుంటే వినపడక తప్పిపోబోయాను, భయం పట్టుకుంది.

నీ దగ్గర దాచింది ఎందుకంటావా? మా నాయనను ఊరంతా సెవిటి లక్ష్మప్ప అన్నారు. నువ్వు పన్నెండేళ్లు ఆయనతో అరిచి అరిచి చాకిరీ చేశావు. ఆయన పోయిన పదకొండో రోజు గడప దగ్గర కూర్చుని వనజతో అన్నావు: "ఇంగ జన్మలో సెవిటోనితో బతికే ఓపిక నాకు లేదే". ఆ మాట నాకు వినపడింది. అప్పటికే నా ఎడమ చెవి పోయి ఏడాది.

నిన్ను తప్పు పట్టడం లేదు. అలసిపోయి అన్న మాట. కానీ ఆ మాట దాటి నేను నోరు విప్పలేకపోయాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, సుకన్యకు కూడా.

నీ ఉత్తరాల్లో మాత్రం ఒక్క మాట కూడా పోకుండా అంతా నాకు అందింది. పదేళ్లలో నువ్వు నాతో ఇంత మాట్లాడటం ఇదే మొదలు. తిట్లయినా కడుపు నిండింది.

ఉండిపోదామా అని అడిగావు. ఏడాదిన్నర ఆలస్యంగా జవాబు చెబుతున్నాను. ఉండిపోదాం. మగ్గం మీది చీర దించేశాను, కొత్త పడుగు ఎక్కించలేదు. అక్కడ నేనేం చేస్తానో తెలియదు, నీకు కూరగాయలన్నా తరుగుతాను. విసుగు పుడితే ఇద్దరం తిరిగి వద్దాం. సెవిటోడు వద్దనుకుంటే అదీ రాయి, నేను ఏమీ అనుకోను. రాయకపోతే మాత్రం కార్తీకంలో ఆదోని నుంచి బస్సు ఉంది, ఎక్కుతాను.

నువ్వు బస్సు దగ్గరికి రా. దూరం నుంచి పిలవద్దు, ఎంత అరిచినా నాకు తెలియదు. దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకో.

నీ
నాగప్ప