కొత్త క్యాసెట్‌లో లేని అరుపు

బాషా,

నువ్వు పోయిన రెండేళ్లకు మన మదనపల్లె ఆర్కెస్ట్రా వాళ్లు మళ్లీ కలిసి కొత్త క్యాసెట్ తెచ్చారు. పుంగనూరు క్యాసెట్ల షాపులో పెట్టించి విన్నాను. రెండు పాటలు కాగానే జనం గొడవ మొదలుపెట్టారు.

"మన పాత పాట యాడుండాదప్పా?"

నాకు ఒళ్లు మండింది. కొత్తవి విననైనా వినరేమని కసిరాను.

చివర్లో ఆ పాటనూ మళ్లీ పాడారు. కుప్పం కచేరీలో మనం టేప్ చేసుకున్నదానికంటే శుభ్రంగా వినిపించింది. అందరూ తృప్తిపడ్డారు, నాకే చిరాకు పెరిగింది. మన టేపులో, రెండో చరణం మధ్యలోనే ఆగలేక నువ్వు "ఇంకోసారి పాడప్పా!" అని అరిచిన చోట, ఇప్పుడు వట్టి ఫిడేలు ఉంది.

ఉండబట్టలేక నేనే అరిచాను.

"యాలప్పా అట్లా అరస్తాండావు? పాట ఇంకా అయిపోలేదు గదా!" అన్నాడు షాపాయన.