తేనెటీగల పుస్తకాన్ని చిత్తు బస్తా నుంచి తీయించుట గురించి

గ్రంథాలయాధికారి వారి సముఖమునకు,
బస్సు డిపో మెకానిక్ వ్రాసుకున్నది.

అయ్యా,

విషయం: చదువుతున్న పుస్తకాన్ని ఎవరూ చదవని పుస్తకమని రద్దు చేసినందుకు అభ్యంతరం.

1. నా భార్య ఇరవై రెండేళ్లు బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎప్పుడు వస్తుందో ఊరందరికీ చెప్పిన మనిషి. కిందటేడు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కాలూ చేయీ కుదుటపడ్డాయి గానీ నోరు పెగల్లేదు.

2. రోజూ బిగ్గరగా చదివించమని వైద్యులు మందుల చీటీలోనే రాశారు. పెద్ద అక్షరాలు, చిన్న వాక్యాలు ఉన్న పుస్తకం కోసం వెతికితే తమ గ్రంథాలయంలో తేనెటీగల పెంపకం పుస్తకం దొరికింది. మాకు ఈగలూ లేవు, పెట్టెలూ లేవు. అయినా రోజుకు అర పేజీ చొప్పున ఏడు నెలలుగా చదువుతున్నది. కాగితం చూస్తే మాట వస్తున్నది, కాగితం తీస్తే ఆగిపోతున్నది. చదివిన రోజు ఆకలి వేస్తున్నది, నిద్ర పడుతున్నది. పక్కన కూర్చుని వినే నాకు సైతం రక్తపోటు తగ్గినది.

3. సోమవారం గడువు పొడిగించమని తీసుకెళ్తే గుమాస్తా పుస్తకం లాక్కుని "రద్దు" ముద్ర కొట్టారు. ఏడాదిలో పదిమందైనా తీసుకోని పుస్తకాలను చిత్తుకు వేయాలని తమ ఉత్తర్వట. మేము పద్నాలుగు సార్లు తీసుకున్నాం కదా అన్నాను. ఆయన తలెత్తకుండా, "కార్డు ఒకటే కదండీ. ఎన్నిసార్లు తీసుకున్నా ఒక్కరి కిందే లెక్క. ఇది ఎవరూ చదవని పుస్తకం," అన్నారు.

ఎవరూ చదవనిదా? అయ్యా, ఆ పుస్తకంలో ఒక్కొక్క మాటనూ చెమటలు కక్కుతూ చదివిన మనిషి మా ఇంట్లో ఉన్నది. ఈ ఊళ్లో అంతగా ఏ పుస్తకాన్నైనా చదివినవారు ఉంటే చూపించండి. తమరు చదివారా?

4. సదరు పుస్తకం ప్రస్తుతం మెట్ల కింద గోనెబస్తాలో ఉన్నది. తీసి ఇవ్వడానికి తమ సంతకం కావాలన్నారు. మంగళవారం తమరు సెలవు. బుధవారం తమ గది ముందు మూడు గంటలు నిలబడ్డాను. ఎదురుగా గోడ మీద "చదవండి, ఆరోగ్యంగా ఉండండి" అని తమ శాఖ వారి బోర్డు ఉన్నది. మూడు గంటలూ దాన్నే చదివాను. ఒళ్లు మండిపోయింది తప్ప ఆరోగ్యం ఏమీ బాగుపడలేదు.

5. బదులుగా గుమాస్తా ఇచ్చిన పుస్తకంలో అక్షరాలు చీమల్లా ఉన్నాయి, ఒక్కో వాక్యం పేజీ పొడుగు. మొదటి వాక్యం సగంలోనే నా భార్య ఊపిరి అందక ఏడ్చింది. ఎవరైనా పలకరిస్తే లోపలి గదిలోకి వెళ్లిపోతున్నది. నాకు భయంగా ఉన్నది.

కావున రేపు శుక్రవారం చిత్తు కాగితాల లారీ రాకముందే బస్తా విప్పించి పుస్తకం మాకు ఇప్పించాలి. ఒక్కరు చదివినా అది చదివిన పుస్తకమేనని ఉత్తర్వు దిద్దించాలి. ఇంత కోపంలోనూ మర్యాద తప్పలేదని చిత్తగించవలెను.

తమ విధేయుడు
(పుస్తకం చేతికి వచ్చేదాకా అంతంతమాత్రం),
డిపో మెకానిక్

మరొక మాట: చదవడానికి ఏమీ లేక, ఈ అర్జీనే మొదట పెద్ద అక్షరాలతో రాసి ఆమె ముందు పెట్టాను. నలభై నిమిషాలు పట్టింది. అందులో మూడు చోట్ల తమ కాళ్లకు మొక్కుతున్నట్టు రాసి ఉన్నాను. ఆమె చివరిదాకా చదివి, కాగితం బోర్లించి, నా ముఖంలోకి చూసి, "ఎవరి కాళ్లూ మొక్కకు," అన్నది. జబ్బు చేశాక కాగితం చూడకుండా ఆమె అన్న మొదటి మాట అది. మూడు చోట్లా కొట్టేసి, అర్జీ మళ్లీ రాశాను.