ఎనిమిదో రోజున కోసిన హరేలా

చిరంజీవి గోవిందికి అమ్మ దీవెనలు. నా చేత్తోనే రాస్తున్నాను, కూడబలుక్కుని చదువుకో.

మేం బాగానే ఉన్నాం. పట్నం వాళ్లకు ఊళ్లో గదులు అద్దెకు కుదిర్చే మన హయాత్ దగ్గర నుంచి నీకొక కవరు వస్తుంది. అందులోని హరేలా పండుగ మొలక పోచల్ని దీవెనని తల మీద పెట్టుకోకు. బుట్టలో విత్తిన పదో రోజున కోయవలసినవాటిని ఎనిమిదో రోజునే కోసేశాడు. ఊళ్లో మన ఇళ్లల్లో దిగిన పట్నం అతిథులు ఆదివారం వెళ్లిపోతారట, వాళ్లకు పండుగ చూపించాలట. నన్నూ కోయమన్నాడు.

"రెండు రోజులకే ఏం మునిగిపోతుంది కాకీ?" అన్నాడు, పిన్ని వరసైన నాతో.

"వాళ్ల బస్సు వేళ చూసుకుని నా కూతుర్ని కూడా ముందే కనమందామా?" అన్నాను.

"అయితే మీ గదికి ఇక ఎవర్నీ పంపం."

పంపకపోతే మానె. దేవుడి గదికి అడ్డంగా కూర్చుని నా బుట్టను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. వాడు తన బుట్ట కోసి, వాళ్ల తలల మీద పెట్టి ఫొటోలు తీయించి, మిగిలినవి ఊరి ఆడపిల్లలందరికీ పోస్టు చేశాడు. ఎదగని పోచ పెట్టి ఎదగమని ఎలా దీవిస్తాడమ్మా?

నెలలు నిండినదానివి, బకెట్లు మోయకు. ఉలవలు అందాయా? అల్లుడు మెట్ల దగ్గర దీపం పెట్టించాడా?

ఈ ఉత్తరం అటు వచ్చేవాళ్ల చేతికిచ్చాను, నా పోచల కవరు పోస్టులో వెనక వస్తుంది. కొండ విరిగి దారి మూసుకుంటే ఆలస్యమవుతుంది, అయినా ఆగు. అవి పదో రోజు పొద్దున కోసినవి. దేవుడికి పెట్టాక మొదట నీకే తీశాను. కడుపులో ఉన్న బిడ్డకని ఒక పోచ ఎక్కువ పెట్టాను. ఇద్దరూ చల్లగా ఉండండి.

అమ్మ